అమ్మీ నజర్

మా అమ్మీ చిత్తూరు పక్కన ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో 19 సీజన్లు పని చేసింది. జ్యూస్ ఫ్యాక్టరీ అని మా వైపు పిలుచుకోవడమే గానీ అక్కడ తయారయ్యేది జ్యూస్ కాదు, మామిడి గుజ్జు. తోతాపురి కాయల్ని మాగబెట్టి, కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, కాచి, డబ్బాల్లోకో డ్రమ్ముల్లోకో నింపి పంపిస్తారు. డబ్బా అయితే 3.1 కిలోలు, డ్రమ్ము అయితే 215 కిలోలు. తోతా అంటే చిలక. కాయ కొన చిలకముక్కు మాదిరి ఉంటుంది కాబట్టి ఆ పేరు. పేరు మన జుబాన్‌ది, కాయ మన సీమది అని అమ్మీ నవ్వుతుంటుంది.

అమ్మీ పని బెల్టు దగ్గర. కడిగిన పండ్లు రోలర్ల మీద దొర్లుకుంటూ వస్తాయి. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి ఖరాబ్ పండ్లు ఏరి పక్కన బుట్టలో వేస్తారు. ఎనిమిది గంటలు నిలబడే పని. లారీలు ఎక్కువొచ్చిన రోజు పన్నెండు గంటలు. కూర్చునే సవాలే లేదు. ఇంటికొచ్చి మంచమ్మీద వాలితే కళ్ళు మూసుకున్నా పండ్లే దొర్లుతున్నట్టు ఉంటుందనేది.

చూసేవాళ్ళకు అదేమంత హునర్ అనిపించదు. మెత్తబడింది ఏరెయ్, అంతే కదా అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నా చాలా కాలం. సొన కారి నల్లగా చార పడిన పండు చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ అది తోలు మీది మచ్చ, గుజ్జుకేమీ కాదు. తొడిమ చుట్టూ గోధుమరంగు మొదలైతే మాత్రం లోపలికి కుళ్ళు నడుస్తున్నట్టు. ఈగ పొడిచిన పండు ఇంకా దొంగది. పైన సూదిమొన అంత చుక్క, లోపల పురుగులు. దాన్ని అమ్మీ చూసి పట్టదు, చూసి షక్ పడుతుంది. తర్వాత బొటనవేలితో నొక్కి పట్టుకుంటుంది. ఇదంతా ఒక పండు చేతికి అందే దూరంలో ఉన్న రెండు మూడు సెకన్లలో జరగాలి.

ఒక కుళ్ళిన పండు దాటిపోతే ఏమవుతుంది అని ఒకసారి అడిగినా. గుజ్జు కొనేవాళ్ళు పరీక్ష చేయిస్తారు. హోవర్డ్ మోల్డ్ కౌంట్ అని ఒకటుంది. అమెరికాలో 1911లో టమాటా సాసుల కోసం మొదలుపెట్టిన పద్ధతి. మైక్రోస్కోప్ కింద గడి తర్వాత గడి చూస్తూ పోతారు. ఎన్ని గడుల్లో బూజు పోగు కనిపించిందో లెక్కేస్తారు. లెక్క దాటితే సరుకు వాపసు. అమ్మీకి ఈ పేరు తెలీదు. "సేటుకు ఫోన్ వస్తుంది, సేటు సూపర్‌వైజర్ను తిడతాడు, సూపర్‌వైజర్ మమ్మల్ని తిడతాడు" అనేది ఆమె లెక్క.

ఇరవయ్యో సీజన్‌కి పిలుపు రాలేదు. అమ్మీ కళ్ళలో మోతియాబింద్ మొదలైంది. రెండు రోజులు ఆమె వైపు నుంచి కొన్ని పండ్లు దాటిపోయినాయంట. ఎవరూ ఏమీ అనలేదు. "ఈసారి కబురు పెడతాంలే అమ్మా" అన్నారు, పెట్టలేదు. ఆపరేషన్ అయ్యాక చూపు మళ్ళీ బాగైంది గానీ ఆమె జాగాలో అప్పటికే ఇంకో అమ్మాయి నిలబడింది. ఆ ఫ్యాక్టరీ పేరు రాయను. ఆ ఒక్క ఫ్యాక్టరీ చేసిన పనే కాదది.

నేను తిరుపతిలో ఉంటా. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంటు. మా లైన్లో సర్క్యూట్ బోర్డును పైనుంచి ఫొటో తీసి తప్పులు పట్టే మెషీన్ ఉంది. లక్షల రూపాయల సరుకు. ఈ రెసిస్టర్ ఇక్కడ ఉండాలి, ఈ టాంకా ఇంత మెరవాలి అని ముందే కొలతలు చెప్పి పెడతాం. కొలత తప్పితే అరుస్తుంది. బోర్డులన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవి కాబట్టి ఆ పద్ధతి నడుస్తుంది. మామిడిపండుకు కొలత ఏం చెప్తాం? నలుపు ఉంటే ఖరాబ్ అంటే సొన చారల పండ్లన్నీ పోతాయి. నలుపు ఉన్నా ఫర్వాలేదంటే కుళ్ళువన్నీ లోపలికొస్తాయి. సొన నలుపు వేరు, కుళ్ళు నలుపు వేరు అని మనం నోటితో చెప్పగలం. ఆ తేడాను కొలతల్లో రాయమంటే చేతులెత్తేస్తాం.

డీప్ లెర్నింగ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. కొలత చెప్పం, మిసాల్ చూపిస్తాం. ఇవి అచ్ఛా, ఇవి ఖరాబ్, తేడా ఏందో నువ్వే పట్టుకో అంటాం. ఇది మా బోటి వాళ్ళకు అందే చీజ్ కాదని అనుకునేవాణ్ణి. 2012లో టొరంటో వాళ్ళు బొమ్మలు గుర్తుపట్టే పోటీ గెలిచినప్పుడు వాడినవి పన్నెండు లక్షల ఫొటోలు. అవి ఇమేజ్‌నెట్ అనే ఖజానాలోవి. ఫేఫే లీ అనే ప్రొఫెసర్, ఆమె జట్టు 2009లో బయటపెట్టినారు. మొత్తం కోటీ నలభై లక్షల ఫొటోలు. వాటికి పేర్లు పెట్టింది మెషీన్లు కాదు. 167 దేశాల నుంచి దాదాపు 50 వేల మంది ఇంటర్నెట్‌లో కూలికి కూర్చుని, ఒక్కో బొమ్మ చూసి ఇది కుక్క, ఇది కుర్చీ అని చెప్పినారు. ఇది చదివిన రోజు నాకు మా అమ్మీ బెల్టే యాదొచ్చింది. వాళ్ళ పేర్లు కూడా ఎక్కడా లేవు.

ఆ 50 వేల మంది మెహనత్ వల్లే ఇప్పుడు మన పని తేలికైంది. ముందే లక్షల బొమ్మలు చూసి చూపు నేర్చుకున్న నెట్‌వర్క్ తయారుగా దొరుకుతుంది. దాని చివరి వరసను మాత్రం మన పనికి తిప్పుకుంటే చాలు. పదేళ్ళు ప్యాంట్లు కుట్టిన దర్జీకి షేర్వాణీ నేర్పడం లాంటిది. సూది పట్టుకోవడం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. గూగుల్ వాళ్ళ టీచబుల్ మెషీన్ అని ఒకటి ఉంది. 2017లో ఆటవస్తువులా వచ్చింది, 2019లో పనిముట్టులా తయారైంది. బ్రౌజర్ తెరిచి, కెమెరా ముందు వస్తువు పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే ఫొటోలు పడుతూ పోతాయి. రెండు డబ్బాలు నిండినాక ఇంకో బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో నేర్చుకుంటుంది. ఒక్క లైను కోడ్ రాయక్కర్లేదు, ఫొటోలు మన కంప్యూటర్ దాటి పోవు, పైసా ఖర్చు లేదు.

2024 సీజన్లో చిత్తూరు ఇంట్లో కూర్చుని చేసి చూసినా. నలభై పండ్లు తెచ్చినా, సగం మంచివి, సగం కుళ్ళినవి. టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన అమ్మీ. గంటలో అయిపోయింది. మంచి పండు చూపిస్తే "అచ్ఛా" అని పచ్చ గీత లేస్తుంది, కుళ్ళింది చూపిస్తే "ఖరాబ్" అని ఎర్ర గీత. సచ్ చెప్తున్నా, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. అమ్మీ చేతులు తుడుచుకుని "ఇంతేనా?" అంది. కాస్త చిన్నబుచ్చుకున్నట్టే అనిపించింది నాకు. పంతొమ్మిది సీజన్ల పని కదా.

మా మామూ దోస్తు ఒకాయన చిన్న యూనిట్లో సూపర్‌వైజర్. ఆయన పుణ్యాన నాలుగు ఆదివారాలు బెల్టు దగ్గర ఫొటోలు తీసుకునే ఇజాజత్ దొరికింది. మంచి పండ్లు బెల్టు మీద దొర్లుతుంటే తీసినా. ఖరాబ్‌వి బెల్టు మీద తక్కువ కనిపిస్తాయి, అదీ నిమిషంలో బుట్టలోకి పోతాయి. అందుకని అవి పారబోసే చోట, పెరట్లో నీలం పట్టా మీద పరిచి హాయిగా తీసుకున్నా. 300 అవి, 300 ఇవి. నేర్పించినా. పరీక్ష కోసం పక్కన పెట్టుకున్న ఫొటోల్లో నూటికి 99 సరిగ్గా చెప్పింది. సేటుకు చూపిద్దామనుకుని రెడీ అయినా.

ముందు అమ్మీకి చూపించినా. ఆమె ఊరికే కూర్చోలేదు. ఇంట్లో ఉన్న పట్టా ముక్క, మంచాల మీద వడియాలు ఎండబెట్టుకునేది, తెచ్చి పరిచింది. నీలం రంగుదే. దాని మీద ఒక నిగనిగలాడే మంచి పండు పెట్టి "అడుగు దీన్ని" అంది. ఖరాబ్ అంది మెషీన్, పూర్తి భరోసాతో. పండు తీసేసి ఉత్త పట్టా చూపించింది. అప్పుడూ ఖరాబే.

"ఇనే ఆమ్ కూ నై దేఖ్‌రా రే, పట్టా కూ దేఖ్‌రా" అంది అమ్మీ. ఇది పండును చూడ్డం లేదురా, పట్టాను చూస్తోంది.

నాకు సిగ్గేసింది. మెషీన్ గలతీ ఏమీ లేదు అందులో. మంచివీ చెడ్డవీ విడదీసే తేడా పట్టుకోమన్నా, పట్టుకుంది. నేను ఇచ్చిన ఫొటోల్లో అన్నిటికంటే సులభమైన తేడా నీలం రంగే. పరీక్షకు పెట్టిన ఫొటోలు కూడా అదే పెరట్లో, అదే పట్టా మీద తీసినవి కాబట్టి అక్కడా దొరకలేదు. కోడ్ రాయకుండా చేసుకునే వసతి వచ్చాక ఈ మోసం ఇంకా సులువైంది. ముందు తెలిసినవాళ్ళు మాత్రమే తప్పు చేసేవాళ్ళు, ఇప్పుడు నాలాంటివాళ్ళు కూడా గంటలో 99 మార్కులు తెచ్చుకోవచ్చు.

ఇంకో మోసం నూరుకెన్ని అనే ఆ లెక్కలోనే ఉంది. బెల్టు మీద నూటికి అయిదు ఖరాబ్ అనుకుందాం. కళ్ళు మూసుకుని "అన్నీ అచ్ఛా" అనే మెషీన్ కూడా నూటికి 95 కరెక్టే. సేటుకు 95 అని చెప్తే ఖుష్ అవుతాడు. అందుకే ఇప్పుడు నేను రెండే అడుగుతా: ఖరాబ్ వాటిలో ఎన్ని దాటిపోయినాయి, మంచివాటిలో ఎన్ని పారేసినాం. మొదటిది వాపసు వచ్చే డ్రమ్ము, రెండోది రైతుకు డబ్బులిచ్చి కొన్న పండు.

రెండోసారి కాస్త ఢంగ్‌గా చేసినా. రోలర్ల మీదే ఒక చిన్న పెట్టె, లోపల నల్లరంగు, రెండు ట్యూబులైట్లు, పైన పాత ఫోను. రేకుల సందులోంచి మధ్యాహ్నం ఎండ పడితే పొద్దున నేర్చుకున్నదంతా తలకిందులవుతుంది కాబట్టి పెట్టెకు పరదా కట్టినా. మంచివైనా చెడ్డవైనా ఆ పెట్టె కిందే ఫొటో. నెట్‌వర్క్ మార్చడం వల్ల నాకు దొరికింది కొంచెమే, ఆ పరదా వల్ల దొరికింది చాలా.

అయినా ఖరాబ్ ఫొటోలు చాలలేదు. ఈ తిప్పలు మామిడిదే కాదు, ప్రతి ఫ్యాక్టరీదీ. మంచి సరుకు గుట్టలుగా ఉంటుంది, చెడ్డది ఏరుకోవాలి. దీనికి ఒక దారి ఉంది. ఉత్త మంచివే చూపించి, దీనికి భిన్నంగా ఉన్నది ఏదైనా అరువు అని చెప్పడం. జర్మనీలో మ్యూనిక్‌కు చెందిన ఎంవీటెక్ అనే కంపెనీ 2019లో ఇందుకోసమే 5,354 ఫొటోలు బయటపెట్టింది. సీసాలు, తోలు, జిప్పులు, స్క్రూలు, టూత్‌బ్రష్షులు, మొత్తం 15 రకాలు. నేర్పడానికి మంచివే, పరీక్షకు రెండూ. ఇంటెల్ వాళ్ళు అనోమలిబ్ అని ఈ పద్ధతులన్నీ కలిపి ఉచితంగా ఇచ్చినారు. గూగుల్ కొలాబ్‌లో అద్దె లేని కంప్యూటర్ మీద నేనూ నడిపించి చూసినా. జిప్పుకు భలే పని చేస్తుంది. నా పండ్లకు మాత్రం ప్రతి సొన చారకూ, ప్రతి గీతకూ, తొడిమ వంకరకూ అరిచింది. స్క్రూలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. పండ్లలో ఏ పండుకాపండు వేరే ఖాన్‌దాన్.

కాబట్టి మళ్ళీ మిసాళ్ళ దగ్గరికే వచ్చినాం. 2025 సీజన్లో ఫొటోలు బాగా తీసుకున్నా. చలికాలంలో చిత్తూరు పోయినప్పుడల్లా అమ్మీ పక్కన కూర్చుని ఒక్కో ఫొటో చూపించడం, ఆమె చెప్పడం, నేను నొక్కడం. 600 ఫొటోలు. అందులో 60 ఫొటోలు నేను చెప్పకుండా రెండోసారి కలిపినా. మా కంపెనీలో ఇన్‌స్పెక్టర్లకు ఇట్లాగే చేస్తాం, అదే బోర్డు మళ్ళీ ఇచ్చి చూస్తాం. అరవైలో పదిహేడింటికి అమ్మీ జవాబు మారింది.

చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆగినా. ఆమె కళ్ళ మీద ఒకసారి వచ్చిన ఇల్జామ్ చాలు అనిపించింది. చివరికి చెప్పినా. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. ఆ పదిహేడూ మళ్ళీ పెట్టమంది. ఒక్కోటీ చూసి, "ఇది ఎప్పుటి పండు?" అని అడిగింది.

ఎప్పటిదైతే ఏం అన్నా.

"కైకు నై రే?" అని మొదలుపెట్టి ఆమె చెప్పింది ఇది. జూన్ మొదట్లో, కాయ ఇంకా సరిగా దిగనప్పుడు, అరచెయ్యంత మచ్చ ఉన్నా పక్కకు కోసేసి వాడమంటారు. జూలైలో లారీలు బారులు తీరినప్పుడు, రూపాయి నాణెం అంత మచ్చ ఉన్నా తీసి పారేయమంటారు. మళ్ళీ ఆఖర్లో కాయ తగ్గినాక వదిలేయమంటారు. సూపర్‌వైజర్ నోటితో చెప్పడు, బుట్ట దగ్గరికొచ్చి నిలబడతాడు. బుట్ట నిండితే ఒక మొహం, నిండకపోతే ఒక మొహం. ఆ మొహం చూసి వీళ్ళు చేతులు మార్చుకుంటారు. 2025లో అందరం చూసినాం కదా. తోతాపురి రేటు పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, సర్కారు 4 కలుపుతుంది అని ప్రకటించిన సాలు అది. గేట్ల ముందు ట్రాక్టర్లు రాత్రింబగళ్ళు నిలబడినాయి. ఆ సాలు పారేసిన పండ్లలో సగం, కరువు సాలైతే గుజ్జు అయ్యేవి అంటుంది అమ్మీ.

నేను అంతసేపూ అచ్ఛా, ఖరాబ్ అనేది పండులో ఉంది అనుకుంటున్నా. పండులో కొంతే ఉంది. మిగతాది లారీల వరసలో, సేటు మొహంలో ఉంది. ఫొటోలో అది పడదు. మెషీన్‌కు నేర్పాలంటే ముందు మనిషి ఒక గీత గీసి, ఈ మచ్చ ఇంత దాటితే ఖరాబ్, సీజన్ ఏదైనా ఇంతే అని కాగితం మీద రాయాలి. సూపర్‌వైజర్ను అడిగినా, రాసివ్వమని. ఆయన నవ్వి, "అది రాసిచ్చేదేందప్పా, చూస్తే తెలీదా?" అన్నాడు. రాసిస్తే రేపు వాపసు వచ్చిన డ్రమ్ముకు జిమ్మేదారీ ఎవరిదో కూడా అందులోనే ఉంటుంది. ఆయనకూ తెలుసు ఆ సంగతి.

యూనిట్ సేటు మంచివాడే. నేను చేసిందంతా ఓపిగ్గా చూసినాడు. చూసి ఒకటే సవాల్ అడిగినాడు: "దీంతో ఎంత మందిని తగ్గించొచ్చు?"

జవాబు నా దగ్గర లెక్కగా ఉంది. చెప్పలేకపోయినా. బెల్టుకు అటూ ఇటూ పద్నాలుగు మంది. వాళ్ళలో సగం మంది మా గల్లీ వాళ్ళు. రంజాన్ ఖర్చు, పిల్లల ఫీజు, ఆ రెండు నెలల కూలీ మీదే. "ఇంకా చూడాలి సార్" అని వచ్చేసినా. బస్సులో పూతలపట్టు దాటేదాకా నా మీద నాకే కోపం. నేర్పింది అమ్మీ, ఆ నేర్పిందాన్ని తీసుకుపోయి అమ్మీ పక్కన నిలబడిన వాళ్ళ మీదికే తోలుతున్నానా అని. మళ్ళీ ఇంకో ఖయాల్. నేను చెయ్యకపోతే రేపు పెద్ద కంపెనీ వాళ్ళు లక్షల మెషీన్ తెచ్చి పెడతారు. దానికి అమ్మీ బొటనవేలి సంగతి ఎవరు చెప్తారు?

అమ్మీకి ఇదంతా చెప్పినా. నేననుకున్నట్టు ఆమె ఉదాస్ కాలేదు. ఆమెకు తట్టింది వేరే.

"రెండే బటన్లు ఎందుకు పెట్టినావు?" అంది. "మాకు బెల్టు మీద మూడు పనులు. వదిలేయడం, తీసేయడం, చేతిలోకి తీసుకుని చూడ్డం. మూడోది ఏదీ?"

నిజమే. నేను అన్నిటినీ అటో ఇటో తోసినా. మెషీన్ ఎప్పుడూ ఇంత భరోసా అని ఒక అంకె చెప్తుంది, దాన్ని నేను చూడకుండా కొట్టేసినా. ఇప్పుడు మూడు డబ్బాలు పెట్టినా: అచ్ఛా, ఖరాబ్, షక్. భరోసా చాలని పండు పక్కన ట్రేలోకి పోతుంది. అక్కడ మనిషి తీసుకుని, నొక్కి, వాసన చూసి చెప్తుంది. ఆమె చెప్పింది మెషీన్‌కు కొత్త మిసాల్ అవుతుంది. ఈగ పొడిచిన పండ్లు దాదాపు అన్నీ ఇప్పుడు షక్‌లోకే వస్తున్నాయి. ఫొటోకు అంతకు మించి తెలిసే వీలే లేదు. పోయిన సీజన్ ఫొటోల మీద నడిపిస్తే నూటికి పద్దెనిమిది షక్. సేటుకు ఇది ఎక్కువ అనిపిస్తుంది. అమ్మీకి తక్కువ అనిపించింది, "ఇరవై అయిదైనా ఉండాలి" అంటుంది. ఆ అంకె ఎక్కడ ఆపాలో నేనే తిప్పొచ్చు, ఒక చిన్న పట్టీ జరిపితే చాలు. అది ఎటు జరిపితే ఎంతమంది నిలబడతారో తెలిసి జరపడం మాత్రం అంత ఆసాన్ కాదు.

సేటుకు ఈసారి అట్లే చెప్పినా. మనుషుల్ని తగ్గించే లెక్క నేను ఇవ్వను, డ్రమ్ములు వాపసు రాకుండా చూసే లెక్క ఇస్తా, ఈ సీజన్ ఒక్క బెల్టు మీద పెట్టి చూడండి అని. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. షక్ ట్రే దగ్గర ఎవరు ఉంటారు అని అడిగినాడు. పంతొమ్మిది సీజన్ల తజుర్బా ఉన్న ఒకామె ఉంది, కళ్ళ ఆపరేషన్ కూడా బాగైంది అన్నా. ఎవరో చెప్పలేదు.

అమ్మీ ఒప్పుకుంది, ఒక షర్తు మీద. ఆ ట్రే దగ్గర పండు పరిగెత్తదు కాబట్టి నిలబడాల్సిన పని లేదు, ఒక స్టూలు వేయాలి. మే నెల వచ్చేసింది, బంగారుపాళ్యం యార్డుకు కాయ దిగడం ఇంకా మొదలు కాలేదు. ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. మెషీన్ సంగతి అడగలేదు, స్టూలు సంగతి మాట్లాడినావా అని.